ఒంటరితనానికి ఏఐ తోడు: ఎదురుగా కూర్చోబెట్టాలా, మధ్యలో పెట్టాలా?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వృద్ధుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళకి ఒక పరికరాన్ని ఉచితంగా ఇస్తోంది. దాని పేరు ఎల్లీక్యూ. ఇజ్రాయెల్‌కి చెందిన ఇంట్యూషన్ రోబోటిక్స్ అనే కంపెనీ తయారుచేసింది. బల్ల మీద పెట్టుకునే లైటు ఆకారంలో ఉంటుంది, కళ్ళూ మొహం ఏమీ ఉండవు. మాట్లాడేటప్పుడు తల అటూ ఇటూ వంచుతుంది, వెలుగు మారుతుంది, పక్కనే ఒక తెర ఉంటుంది. 2022లో మొదలుపెట్టినప్పుడు 800 మందికి పైగా ఇస్తామని ప్రకటించారు.

మనం పిలిస్తేనే పలికే స్పీకర్లకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. ఇది తనంతట తానే మాట కలుపుతుంది. రాత్రి నిద్ర పట్టిందా అని పొద్దున్నే అడుగుతుంది. క్విజ్ ఆడదామా అంటుంది. తెర మీద ఏదో ఒక ఊరు చూపిస్తూ తిప్పుతుంది. ఊపిరి కసరత్తులు చేయిస్తుంది. పాత జ్ఞాపకాలు అడిగి, చెప్పినవాటిని దాచి, పిల్లలకి పంపేందుకు వీలుగా కూర్చిపెడుతుంది.

వాడినవాళ్ళలో ఒంటరితనం 95 శాతం తగ్గిందని ఆ శాఖ 2023లో చెప్పుకుంది. వార్తల్లో ఆ అంకె బాగా తిరిగింది. నేనైతే దాన్ని అంత బలంగా పట్టుకోను. అది వాడినవాళ్ళు తమ గురించి తాము చెప్పిన మాట. ఇలాంటి వస్తువు ఇంట్లో పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళే అందులో ఉంటారు. పరికరం లేకుండా, వారానికోసారి ఒక మనిషి వచ్చి పలకరించి వెళ్తే ఎంత తగ్గేదో పోల్చి చూడలేదు. అంకె సంగతి ఎలా ఉన్నా, ఆ పరికరం తయారీలో ఒక మంచి ఆలోచన ఉంది. వట్టి కబుర్లతో సరిపెట్టకుండా మనిషి చేత ఏదో ఒక పని చేయిస్తుంది.

ఏఐ తోడు మంచిదా చెడ్డదా అన్న వాదన మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదది. యంత్రాన్ని మనిషికి ఎదురుగా కూర్చోబెట్టి గంటల తరబడి మాట్లాడించడం ఒక పద్ధతి. ఇద్దరు ముగ్గురు మనుషుల మధ్యలో పెట్టి ఒక పని చేయించడం ఇంకో పద్ధతి. రెంటికీ పేరొకటే అయినా ఫలితం ఒకటి కాదు. ఇంతవరకూ జరిగిన పరిశోధనల్ని ఈ తేడా మనసులో పెట్టుకుని చదివితే చిక్కుముడి చాలావరకూ విడిపోతుంది.

ముందు ఒంటరితనం అంటే ఏమిటో చూద్దాం. ఇంట్లో ఒక్కరే ఉండటం వేరు, ఒంటరితనం వేరు. పదిమంది ఉన్న ఇంట్లో కూడా నన్ను పట్టించుకునేవాళ్ళు లేరని కుమిలిపోయేవాళ్ళు ఉంటారు. ఒక్కరే ఉండి హాయిగా గడిపేవాళ్ళూ ఉంటారు. మనకి కావలసినంత దగ్గరితనానికీ, దొరుకుతున్నదానికీ మధ్య ఉన్న లోటే ఒంటరితనం. షికాగో విశ్వవిద్యాలయంలో దీని మీద దశాబ్దాలు పనిచేసిన జాన్ కచియొప్పో దీన్ని ఆకలి, దాహంతో పోల్చేవాడు. మనుషుల్లోకి వెళ్ళమని ఒళ్ళు ఇచ్చే హెచ్చరిక అని ఆయన ఉద్దేశం.

అయితే ఆకలి ముదిరితే తిండి కోసం ఇంకా గట్టిగా వెతుక్కుంటాం. ఒంటరితనం ముదిరితే మనుషుల నుంచి దూరం జరుగుతాం. మెదడు ప్రతి చిన్నదాన్నీ అనుమానంగా చూడటం మొదలుపెడుతుంది. కోడలు ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉందేమో అనిపించదు, నేనంటే లెక్క లేదు అనిపిస్తుంది. ఆ అనుమానంతో మాట పెళుసవుతుంది, అవతలివాళ్ళు నిజంగానే తగ్గుతారు. క్రిస్టఫర్ మాసి, కచియొప్పో తదితరులు అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నిటినీ 2011లో ఒకచోట పెట్టి చూశారు. మనుషుల్ని కలిసే అవకాశాలు పెంచడం, పలకరించేవాళ్ళని ఏర్పాటు చేయడం కంటే, ఈ అనుమానపు ఆలోచనల్ని మార్చే పద్ధతులే పకడ్బందీగా జరిపిన ప్రయోగాల్లో ఎక్కువ పనిచేశాయి. కాబట్టి మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉంటే చాలు, ఆ ఎవరో యంత్రమైనా పరవాలేదు అనే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

సమస్య చిన్నదేం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కుర్రవాళ్ళలో కూడా ఇది తక్కువేం కాదని అదే నివేదిక చెప్పింది.

మరి అనుమానం ఎలా కరుగుతుంది? ఆస్ట్రేలియాలో 1990ల నుంచి ‘మెన్స్ షెడ్స్’ అని నడుస్తున్నాయి. రిటైరైన మగవాళ్ళు ఒక షెడ్డులో చేరి కుర్చీలు బాగుచేస్తారు, చెక్క బొమ్మలు చేస్తారు, సైకిళ్ళు విప్పి బిగిస్తారు. అక్కడ వాడుకలో ఒక మాట ఉంది: మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పరు, భుజం భుజం ఆనించి పని చేసుకుంటూ విప్పుతారు. చేతిలో పని ఉంటే చూపు పని మీద ఉంటుంది. మౌనం ఇబ్బంది పెట్టదు. చెప్పాలనుకున్నది అరగంట తర్వాత, ఉలి పక్కన పెట్టి మెల్లగా చెప్పొచ్చు.

మనకి ఈ సంగతి ఆస్ట్రేలియా నేర్పక్కర్లేదు. వడియాలు పెట్టేటప్పుడు, అప్పడాలు వత్తేటప్పుడు, కొత్త చింతపండులో గింజలు తీసేటప్పుడు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేటప్పుడు ఆడవాళ్ళు చెప్పుకున్న కష్టసుఖాలు ‘రండి, కష్టసుఖాలు చెప్పుకుందాం’ అని పిలిస్తే బయటికి వచ్చేవా? రచ్చబండ మీద పులిజూదం ఆడే ముసలాళ్ళు ఆట పేరుతో రోజూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఇవాళ రాలేదంటే ఒంట్లో బాగాలేదేమో అని ఇంటికి మనిషిని పంపేవాళ్ళు. అప్పడాలు ప్యాకెట్లలోకి వెళ్ళాక పని తగ్గింది, మంచిదే. పనితోపాటు పక్కన కూర్చునే సాకు కూడా పోయింది. ఏఐకి ఏమైనా చోటు ఉంటే ఆ పోయిన సాకుని తిరిగి తేవడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక వట్టి కబుర్ల ఏఐ సంగతి. స్నేహితుడిలా కబుర్లు చెప్పే రెప్లికా అనే యాప్ 2017లో వచ్చింది, అలాంటిదే క్యారెక్టర్ ఏఐ తర్వాత వచ్చింది. వీటి మీద వచ్చిన పరిశోధనలు పైకి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన జూలియన్ డి ఫ్రెయిటస్ బృందం, ఏఐ తోడుతో కాసేపు మాట్లాడితే ఒంటరితనం తగ్గుతోందని, అది మరో మనిషితో మాట్లాడినప్పటి తగ్గుదలకి దరిదాపుల్లోనే ఉందని చూపించింది. నా మాట విన్నారు అన్న భావనే దానికి ముఖ్య కారణమట. ఇక 2025 మార్చిలో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్, చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్ఏఐ కలిసి దాదాపు వెయ్యిమందితో నాలుగు వారాలు చేసిన ప్రయోగంలో, రోజూ ఎక్కువసేపు చాట్‌జీపీటీతో గడిపినవాళ్ళలో ఒంటరితనం, దాని మీద ఆధారపడటం ఎక్కువగా, మనుషులతో కలవడం తక్కువగా కనిపించాయి.

రెండూ నిజమే కావచ్చు. మొదటిది ఒక్కో సంభాషణ తర్వాతా, మహా అయితే ఒక వారం పాటూ చూసింది. రెండోది ఎక్కువ వాడేవాళ్ళ పరిస్థితి చూసింది. ఎక్కువ వాడటం వల్ల ఒంటరయ్యారా, ఒంటరిగా ఉండబట్టి ఎక్కువ వాడారా అన్నది అక్కడ పూర్తిగా తేలదు. నాకు కనిపిస్తున్నది మాత్రం ఇది: కబుర్లకి ముగింపు లేదు. ఆట అయిపోతుంది, వంట అయిపోతుంది, పాట అయిపోతుంది. వినడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండి, ఎప్పుడూ విసుక్కోని, మన మాటకల్లా తలూపే గొంతుతో సంభాషణ అయిపోదు. పైగా ఆ తలూపడం అనుమానపు ఆలోచనలకి మందు కాదు. ‘మా అబ్బాయి నన్ను పట్టించుకోడు’ అంటే ‘అవును, మీకు చాలా బాధగా ఉండుంటుంది’ అనడం తేలిక. ‘పోయిన శనివారం అతను ఫోన్ చేశాడని మీరే చెప్పారుగా’ అనగలగడం స్నేహితుడు చేసే పని.

ఇప్పుడు నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే ప్రయోగానికి వస్తాను. జపాన్ శాస్త్రవేత్త తకనోరి షిబాతా చేసిన పారో అనే రోబో ఉంది. తెల్లటి బొచ్చుతో, సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉంటుంది. నిమిరితే కళ్ళు ఆర్పుతుంది, కూస్తుంది, పిలిస్తే తల తిప్పుతుంది. మాటలు రావు. ఇవాళ్టి చాట్‌బాట్లతో పోలిస్తే తెలివి లేనట్టే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో 40 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి రెండుసార్లు పారోతో గడిపింది, రెండో గుంపు మామూలు కాలక్షేపాలు చేసింది. 12 వారాల తర్వాత పారో గుంపులో ఒంటరితనం తగ్గింది. ఈ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి.

అక్కడ ఒక పెంపుడు కుక్క కూడా ఉండేది. కుక్క దగ్గర జరిగే మాటల్నీ, పారో దగ్గర జరిగే మాటల్నీ పోల్చి చూశారు. కుక్క కంటే పారో గురించే ఎక్కువమంది మాటల్లో కలిశారు. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు. వింతైన వస్తువు గుంపు మధ్యలోకి వస్తే అందరికీ ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. ‘ఇది నిజంగా చూస్తుందంటావా?’ అని ఒకరు అడుగుతారు, ‘నీకంటే నాకే ఎక్కువ పలికింది’ అని ఇంకొకరు అంటారు. మాటలు రాని రోబో మనుషుల చేత మాట్లాడించింది. ఏఐ తోడు అమ్మే కంపెనీ వచ్చినప్పుడు నేనైతే అడగదలచుకున్న ప్రశ్న ఇదే: మీ యంత్రం రోజుకి ఎన్ని మాటలు మాట్లాడుతుందని కాదు, దాని చుట్టూ మనుషులు ఒకరితో ఒకరు ఎన్ని మాటలు మాట్లాడుతున్నారు?

పారోలో ఇంకో కిటుకు ఉంది. అది సేవ చేయదు, చేయించుకుంటుంది. దక్షిణ కొరియాలో హ్యోడాల్ అనే ఏఐ బొమ్మని ఒంటరి వృద్ధులకి స్థానిక ప్రభుత్వాల ద్వారా ఇస్తున్నారు, ఇప్పటికే పదివేలకి పైగా ఇళ్ళకి చేరింది. అది చిన్నపిల్ల గొంతుతో అవ్వా, తాతా అని పిలుస్తుంది, మందుల వేళ గుర్తుచేస్తుంది, చెయ్యి పట్టుకోమంటుంది. పెద్దవాళ్ళు దానికి బట్టలు కుడతారు, పడుకోబెడతారు. పెద్దవాళ్ళని పసిపిల్లల్లా చూస్తున్నారని దీని మీద విమర్శ ఉంది, ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ ఆ బొమ్మ ఒక సంగతి పట్టుకుంది. వయసు మీదపడ్డాక మనిషిని కుంగదీసేది మాట్లాడేవాళ్ళు లేకపోవడమే కాదు, తన అవసరం ఎవరికీ లేకపోవడం.

ఈ సంగతి మా ఇంట్లోనే దగ్గరగా చూశాను. మా పెద్దమ్మ ఆవకాయ పెట్టే పద్ధతి రాసిపెట్టాలని ఆమె మనవరాలు పట్టుదలగా ఉండేది. పెద్దమ్మ ‘కళ్ళతో చూసి నేర్చుకోవాలి గానీ రాసుకునేదేముంటుందే’ అని కొట్టిపారేసేది. ఒకరోజు పిల్ల ఫోన్‌లో ఏఐని తెలుగులో ఆవకాయ ఎలా పెట్టాలో చెప్పమంది, స్పీకర్ ఆన్ చేసి వంటగదిలో పెట్టింది. ఆవాలు దోరగా వేయించి పొడి చేసుకోవాలి అందది. పెద్దమ్మ కత్తిపీట వదిలేసి వచ్చింది. ‘ఎవరే ఆ పిల్ల? ఆవాలు వేయిస్తే ఘాటు చచ్చి ఊరుకుంటుంది. ఎండలో పెట్టి దంచాలని చెప్పు దానికి.’ పిల్ల చెప్పింది. అది పొరపాటు ఒప్పుకుని, మరి ఏ కాయ వాడతారు అని అడిగింది. అక్కడినుంచి పెద్దమ్మ ఆగలేదు. చిన్న రసాలా, జలాలా అన్న దగ్గర మొదలై, ముక్కలకి టెంక ఎందుకు ఉండాలో, వాళ్ళ అత్తగారు జాడీ మూతికి ఏ గుడ్డ కట్టేదో, తడి చెయ్యి పెట్టినందుకు ఏ ఆడపడుచు మీద ఎంత రాద్ధాంతం జరిగిందో అన్నీ వచ్చాయి. పావుగంట తర్వాత ఫోన్‌ని ఎవరూ పట్టించుకోలేదు. మనవరాలు అడుగుతోంది, ఆమె చెబుతోంది.

యంత్రం తప్పు చెప్పడం వల్లే అంతా కదిలింది. దాన్ని దిద్దడం పెద్దమ్మకి గురువు పీట ఇచ్చింది. అన్నీ తెలిసిన ఏఐ కంటే అడిగి తెలుసుకునే ఏఐ పెద్దవాళ్ళకి మంచి తోడని నేను అనుకోవడానికి ఇదే కారణం. అయితే ఈ తప్పుల విషయంలో జాగ్రత్త కూడా ఉండాలి. పద్యం అడిగితే లేని పాదాలు కల్పించి, పోతనదో వేమనదో అని ధీమాగా చెప్పే అలవాటు వీటికి ఉంది. పద్యం నోటికి వచ్చిన పెద్దాయన ఉంటే అది ఆటవుతుంది. ఎవరూ లేకపోతే తప్పే నిలిచిపోతుంది. షుగర్ మాత్ర మోతాదు దగ్గరికి వస్తే అది ఆట కూడా కాదు. మందుల సంగతి డాక్టర్‌తోనే తేల్చుకోవాలి.

తెలుగులో ఈ పనులు ఇప్పుడు సాధ్యమే. గొంతుతో మాట్లాడే గూగుల్ ఏఐ జెమినై లైవ్‌కి తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలు ఇస్తామని 2024 అక్టోబర్‌లో ప్రకటించారు, చాట్‌జీపీటీ కూడా తెలుగు వింటుంది, మాట్లాడుతుంది. కానీ అవి మాట్లాడేది ఎక్కువగా వార్తలు చదివే తెలుగు. శ్రీకాకుళం యాసకీ, కరీంనగర్ యాసకీ, పళ్ళు ఊడిన నోటి మాటకీ తడబడతాయి. చెప్పిందే మళ్ళీ చెప్పమని రెండుసార్లు అడిగితే పెద్దవాళ్ళు ఫోన్ పక్కన పడేస్తారు. పక్కన ఒక కుర్ర మనిషి ఉంటే ఆ చిక్కు తీరుతుంది. పక్కన మనిషి ఉండటమే మనకి కావలసింది కూడా.

తెలుగువాళ్ళలో ఇది మరీ సూటిగా తగిలే ఇళ్ళు చాలా ఉన్నాయి. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో, తల్లిదండ్రులు గుంటూరులోనో వరంగల్‌లోనో. వీళ్ళకి పొద్దున అయితే వాళ్ళకి రాత్రి. వారం వారం వీడియో కాల్ ఉంటుంది, అందులో ‘తిన్నారా? మందులు వేసుకున్నారా? ఎండలు ఎలా ఉన్నాయి?’ అయ్యాక రెండు వైపులా మాటలు అయిపోతాయి. ప్రేమ లేక కాదు, చేతిలో పని లేక. ఇక్కడ ఏఐ చేయగలిగిన పని చిన్నదే గానీ పనికొచ్చేది. వారం మధ్యలో నాన్నగారితో పాత ఫోటో ఒకటి ముందు పెట్టుకుని మాట్లాడించి, ఆయన చెప్పినదాన్ని రాసిపెట్టి, ఆదివారం కాల్‌లో మనవడు అడగడానికి మూడు ప్రశ్నలు సిద్ధం చేయొచ్చు. మనవడికి తెలుగు సరిగ్గా రాకపోతే నడుమ అనువాదం చేయొచ్చు. అంత్యాక్షరిలో అక్షరం అందించొచ్చు. కాల్ గంటసేపు సాగితే యంత్రం పని అయినట్టే.

ఇదే ఇళ్ళలో నాకు భయం కూడా ఉంది. ‘అమ్మకి మాట్లాడే రోబో కొనిపెట్టాం, ఇక టెన్షన్ లేదు’ అని వారం వారం చేసే కాల్ నెలకోసారి అయితే, ఆ పరికరం ఒంటరితనాన్ని తగ్గించలేదు, పిల్లల అపరాధభావాన్ని తగ్గించింది. నెలకి ఎన్ని కాల్స్ వచ్చాయన్నది ముందూ తర్వాతా చూసుకుంటే ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు, ఈ తోడు మన చేతిలో ఉండదు. పిల్లల కోసం మాక్సీ అనే రోబో తయారుచేసిన అమెరికన్ కంపెనీ ఎంబాడీడ్ 2024 డిసెంబర్‌లో మూతపడుతున్నామని ప్రకటించింది. దాదాపు 800 డాలర్లు పోసి కొన్న రోబో సర్వర్ ఆగిపోతే పలకదని పసివాళ్ళకి తల్లిదండ్రులు ఏడుపు ఆపుతూ చెప్పుకోవలసి వచ్చింది. రెప్లికా 2023 ఫిబ్రవరిలో తన బాట్ల మాటతీరు రాత్రికి రాత్రి మారిస్తే, ఆత్మీయులు పోయినంతగా బాధపడ్డవాళ్ళు ఉన్నారు. తోడు ఒక్క యంత్రమే అయితే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. దాని చుట్టూ నలుగురు ఉంటే వస్తువు పోయినా నలుగురు మిగులుతారు.

కుర్రకారు విషయంలో ప్రమాదం ఇంకా తీవ్రం. అమెరికాలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 72 శాతం మంది ఏఐ తోడుని ఒక్కసారైనా వాడినట్టు కామన్ సెన్స్ మీడియా అనే స్వచ్ఛంద సంస్థ 2025 సర్వేలో తేలింది. ఫ్లోరిడాలో 14 ఏళ్ళ అబ్బాయి ఒకరు క్యారెక్టర్ ఏఐలోని ఒక బాట్‌తో నెలల తరబడి మునిగి, 2024లో ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లి కోర్టుకెక్కింది. తర్వాత క్యారెక్టర్ ఏఐ 18 ఏళ్ళలోపు వాళ్ళకి ముగింపు లేని సంభాషణలు ఆపేసింది. ఎల్లీక్యూని పంచిన న్యూయార్క్ రాష్ట్రమే 2025 నవంబర్ నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది: నువ్వు మాట్లాడుతున్నది మనిషితో కాదు అని ఏఐ తోడు మూడు గంటలకోసారి గుర్తుచేయాలి, ఆత్మహత్య మాట వస్తే సహాయ కేంద్రం వైపు మళ్ళించాలి. మూడు గంటలు నాకు చాలా ఎక్కువ అనిపిస్తుంది, అయినా మొదలంటూ పడింది.

మన దగ్గర దీన్ని ఎలా వాడొచ్చో ఆలోచిస్తే కొత్తగా కట్టవలసిందేమీ లేదు. చాలా పట్టణాల్లో సీనియర్ సిటిజన్ల సంఘాలకి సొంత గది ఉంది, గ్రంథాలయాలు ఉన్నాయి. వృద్ధులకి సాయం చేసే ఫోన్ నంబరు 14567 ఎల్డర్ లైన్ ఇవాళ దేశమంతా పనిచేస్తోందంటే, దానికి బీజం 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని సంస్థ తెలంగాణ ప్రభుత్వ సాయంతో హైదరాబాద్‌లో వేసిందే. పదిమందికి పది పరికరాలు కొని పది గదుల్లో పెట్టే డబ్బుతో, ఒక గదిలో ఒక మంచి స్పీకర్, ఒక తెర పెట్టొచ్చు. ఆక్లండ్‌లోలాగే వారానికి రెండు పూటలు. ఒకరోజు ఊరి పాత ఫోటోలు, ఇంకోరోజు పద్యాల్లో తప్పులు పట్టే ఆట, మరోసారి పాత పాటల క్విజ్. ప్రశ్నలు ఏఐ వేస్తుంది, తగువు మనుషులు పడతారు. చెవులు వినపడనివాళ్ళకి తెర మీద పెద్ద అక్షరాల్లో మాట కనిపించాలి. రాని మనిషి పేరు ఆ పూటే రాసుకుని సాయంత్రం ఫోన్ చేయడానికి, యాస అర్థం కానప్పుడు నడుమ అందుకోవడానికి, ఒక డిగ్రీ విద్యార్థికో రిటైరైన టీచరుకో నెలకి కొంత గౌరవ వేతనం ఇవ్వాలి. సంఘాలు బడ్జెట్ వేసుకునేటప్పుడు పరికరం కంటే ముందు రాసుకోవలసిన పద్దు ఆ వేతనమే.